నాదిర్ నన్ను ఖైబర్‌కు ఎందుకు రమ్మన్నాడు

సౌదీలో చూడదగ్గ చోటు ఏదన్నా ఉందా అంటే మా జుబైల్ క్యాంపులో అందరూ నా గది తలుపే తడతారు. అల్ ఉలా, అబహా కొండలు, తాయిఫ్ గులాబీ తోటలు, అన్నీ తిరిగొచ్చి ఈ బ్లాగులో రాసుకున్నవాణ్ని. ఎప్పుడైనా నేను పిలుస్తాను, నలుగురు వస్తారు, కారు ఖర్చు పంచుకుంటాం, అంతే. ఈసారి నన్నే ఒకాయన పిలిచాడు. ఖైబర్ చూడాలి, దారులు నీకు తెలుసుగా, శనివారం పోయి వద్దాం అన్నాడు. ఆయన మా ప్లాంటులో పర్మిట్ ఇంజనీరు, అంటే ట్యాంకులో గ్యాసు లేదని చూసి దిగొచ్చని సంతకం పెట్టేవాడు, పేరు నాదిర్. పాలస్తీనా మనిషి, జోర్డాన్ పాస్‌పోర్టు. ఇన్నేళ్లలో నాతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడి ఎరగడు. పైగా అది మా శేఖర్ గొడవ ఇంకా తెగని వారం. వినగానే నాకు తేడా కొట్టింది.

ఆ గొడవేంటో చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. శేఖర్ మా ఆవిడ తమ్ముడు. వీసా ఇప్పించి జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి తెచ్చింది నేనే, ఫిట్టరుగా పెట్టుకుంది నా కిందే. మేం చేసేది షట్‌డౌన్ పని. అంటే ప్లాంటు మొత్తం ఆపేసి, ట్యాంకుల్లోకి దిగి, పైపులు విప్పి, బాగుచేసి మళ్లీ నడిపించడం. ప్రతి షట్‌డౌన్‌కూ ఒక వాట్సాప్ గ్రూపు పెడతారు, గేటు ఎప్పుడు తీస్తారు, ఎవరు ఏ ట్యాంకు దగ్గర అని చెప్పుకోవడానికి. మనవాళ్లు దాని పక్కనే తెలుగువాళ్లకని ఇంకోటి పెట్టుకుంటారు, అదే యూనిట్ పేరు, అదే హెల్మెట్ బొమ్మ. పని అయిపోయినా ఏ గ్రూపునూ ఎవరూ తీసేయరు. అట్లా ఒక్కొక్కడి ఫోనులో ఒకేలా కనిపించే గ్రూపులు బారెడుంటాయి. శేఖర్ మన గ్రూపులో పెట్టాలనుకున్న ఫొటో ఆఫీసు గ్రూపులో పెట్టాడు. గాజాలో కూలిపోయిన వీధి ఫొటో అది. కింద ఇంగ్లీషులో వాడి సొంత రాత: "షట్‌డౌన్ అంటే ఇదీ. టైముకు ముందే పూర్తి." పక్కన నవ్వే మొహాలు. వాడు గాబరాగా తీసేసేలోపే చూడాల్సినవాళ్లంతా చూశారు, ఫోనుల్లో దాచుకున్నారు.

ఎవరో ఆఫీసులో చెప్పారు. ఇక్కడ ఇట్లాంటివి నవ్వులాటకు పోవు. ఆఫీసువాళ్లు నాదిర్‌ను పిలిచి, ఆ గ్రూపులో పాలస్తీనా మనిషివి నువ్వు ఒక్కడివే, ఆదివారం పొద్దున నీ మాట చెప్పు అన్నారట. ఫిర్యాదు చేస్తానంటే ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రద్దు చేసి ఇంటికి పంపేయడం. వద్దంటే వార్నింగుతో సరి. అంటే మా శేఖర్ ఇక్కడ ఉండాలా పోవాలా అన్నది ఒక్క నాదిర్ నోట్లో ఉంది. వాడు వచ్చి ఏడాది నిండలేదు. ఇట్లా ముద్ర పడి పోతే మళ్లీ వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే ఏ కఫీలూ తీసుకోడు.

అట్లాంటి సమయంలో ఆ నాదిరే శేఖర్ బావనైన నన్ను ఒంటరిగా ఖైబర్ రమ్మంటున్నాడు. మా ఆవిడ ఫోనులో, పోవద్దు, ఏదో మతలబు ఉంది అంది. శేఖరేమో పో బావా, మంచిగ మాట్లాడి మెత్తబర్సు అన్నాడు. నాకున్న అనుమానం వేరు. నా నోటి నుంచి ఏదో ఒక మాట రాబట్టి, ఫోనులో రికార్డు చేసి, బావాబామ్మర్దులను ఇద్దర్నీ ఒకే విమానం ఎక్కిస్తాడని. పోతే ఇరుక్కుంటాను, పోకపోతే ఆయనకు మండుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. చివరికి నోరు కట్టేసుకుని పోదామనుకున్నా.

జుబైల్ నుంచి దమ్మామ్ ఎయిర్‌పోర్టు గంట దారి, తెల్లవారకముందే బయలుదేరాం. మదీనాకు విమానం రెండు గంటల లోపే. ఆలస్యంగా కొన్నందుకు రానూపోనూ ఆరు వందల రియాల్ దాటింది, నెల ముందు చూసుకుంటే సగానికి దొరుకుతుంది. నాలాంటి హిందువులు చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా, మదీనా ఎయిర్‌పోర్టు ముస్లిములు కానివాళ్లు దాటకూడని హరం హద్దుకు బయట ఉంటుంది, దిగడానికి ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లోకి పోకుండానే ఉత్తరం వైపు ఖైబర్ రోడ్డు ఎక్కొచ్చు. విమానంలో నాదిర్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. దిగాక చాయ్ డబ్బులు తనే ఇచ్చాడు. ఆ చాయ్ తాగుతుంటే కూడా, ఇదెందుకు తాగిస్తున్నాడబ్బా అనే ఆలోచన.

ఎయిర్‌పోర్టు బయట యాసీన్ అనే పాకిస్తానీ డ్రైవరును పట్టుకున్నాం. ముల్తాన్ మనిషి, మాటకారి. ఏడు వందలతో మొదలుపెట్టి, ఆగి ఉండే సమయంతో సహా సాయంత్రం దాకా ఐదు వందలకు ఒప్పుకున్నాడు. నాదిర్ ముందు సీట్లో, నేను వెనక. ఎక్కగానే ఆయన ఫోను తీసి రెండు సీట్ల మధ్య గూట్లో బోర్లా పెట్టాడు. నా వైపుకే పెట్టాడు. ఇక అక్కడి నుంచి నేను మాట్లాడిన ప్రతి మాటా ఆ ఫోనుకు వినిపించడానికే మాట్లాడాను. సౌదీ మంచి దేశం, మా కంపెనీ మంచి కంపెనీ, ఎండ కూడా మంచి ఎండ.

దారి చాలా బాగుంటుంది, రెండు గంటలకు దగ్గర. కొంత దూరం పోయాక ఇసుక తగ్గి నల్లరాయి మొదలవుతుంది. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి, మన క్రషర్ల పక్కన కంకర కుప్పలు పోసినట్టు కనుచూపు మేర నలుపే. ఆ నలుపును చూస్తూ నాదిర్ వెనక్కి తిరగకుండానే ఇంగ్లీషులో అడిగాడు, మీ ఊళ్లో మా పాలస్తీనావాళ్ల గురించి ఏమనుకుంటారు అని. మా ఊళ్లో వానల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోరు సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

యాసీన్ మాత్రం ఆగలేదు. ఉర్దూలో అందుకున్నాడు. భాయ్‌సాబ్, పాలస్తీనా అన్నా కశ్మీర్ అన్నా ఒకటే కథ, అక్కడ ఇజ్రాయెల్ చేసేదే కశ్మీర్‌లో మీవాళ్లు చేస్తున్నారు అన్నాడు. కట్టేసుకున్న నోరు కాస్తా ఊడిపోయింది. మరి మీ సైన్యం బెంగాలీలను చేసిందేంటి, బలూచీలను చేస్తున్నదేంటి అన్నాను. ఆయన స్టీరింగు వదిలేసి చేతులు తిప్పడం, నేను వెనక సీట్లోంచి ముందుకు వంగి వేలు చూపించడం. ఏం జరుగుతోందని నాదిర్ అడిగితే చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, మా ఊరి గురించి మొదలుపెట్టి ఐదు నిమిషాలు కాలేదు, అప్పుడే మీ ఇద్దరి ఊళ్లకు చేరిపోయారు అన్నాడు. యాసీన్ మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు, నేను వెనక్కి జారగిలబడ్డాను. నాకైతే ఆ ఐదు నిమిషాలూ రికార్డయిపోయాయన్న దిగులు.

ఖైబర్‌లో లోయ నిండా ఖర్జూరపు తోటలు, ఊట నీళ్లు, వాటి మీద నల్లరాళ్ల గుట్ట, గుట్ట మీద పాత కోట. కింద ఎవరూ ఉండని మట్టీ రాళ్ల గోడల పాత ఊరు, ఇరుకు సందులు, ఖర్జూరపు మట్టల కప్పులు పడిపోయి ఆకాశం కనిపించే గదులు. లోపలికి గైడుతోనే పంపుతున్నారు, టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి. మా గైడు ఒక సౌదీ అమ్మాయి, నల్ల అబాయా కింద స్పోర్ట్స్ బూట్లు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. నీళ్లు ఎట్లా పంచుకునేవారు, గోడల్లో ఏ రాయి ఎందుకు వాడారు, అన్నీ ఓపికగా చెప్పింది.

ఈ చోటే ఎందుకు చూడాలనుకున్నారని నేను నాదిర్‌ను అక్కడ అడిగాను. మీకు తెలిసే ఉంటుంది, ప్రవక్త కాలంలో ఇక్కడ యూదులు ఉండేవారు, యుద్ధం జరిగింది, వాళ్లు ఓడిపోయారు. ఇవాళ్టికీ లోకంలో ఎక్కడో ఒకచోట ఊరేగింపుల్లో యూదులను బెదిరించడానికి ఈ ఊరి పేరు పెట్టి నినాదాలు ఇస్తారు. మా పాలస్తీనా పేరు చెప్పి అరుస్తారు కదా, ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను, వాళ్లు అరిచే ఊరు ఎట్లా ఉంటుందో ఒకసారి చూద్దామని అన్నాడాయన. ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అది చూడ్డానికి నేనెందుకు?

కోట కింద నిలబడి ఆయన గైడును ఒకటే అడిగాడు, ఇక్కడి మనుషులు ఏమయ్యారని. యుద్ధం తర్వాత కూడా కొంతకాలం వాళ్లే ఇక్కడ తోటలు చేసుకున్నారు, పంటలో సగం ఇచ్చే ఒప్పందం మీద అంది ఆ అమ్మాయి. మన దగ్గర పాలుకు చేసుకోవడం అంటాం కదా, అదే. తర్వాతి కాలంలో పంపించేశారు అంది. ఎక్కడికి అన్నాడు నాదిర్. షామ్ వైపు, సిరియా, పాలస్తీనా ఉన్న దిక్కుకు అని చెప్తారు అందామె. అంటే మా వైపు, అని నాదిర్ ఎవరికీ కాకుండా అనుకున్నాడు. తర్వాత చాలాసేపు ఖర్జూరపు చెట్లనే చూస్తూ ఉండిపోయాడు.

మా వెనకే నడుస్తున్న యాసీన్‌కు ఇదంతా నచ్చలేదు. అరబ్బీలో నాదిర్‌తో, మీరు జాలిపడుతున్నట్టున్నారు, వాళ్ల రక్తంలోనే మోసం ఉంది, అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే, జర్మనీవాడు పని సగంలో వదిలేశాడు అన్నాడు. అదేదో నాదిర్‌ను సంతోషపెట్టే మాట అనుకున్నాడు పాపం. నాకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలోనూ అది అర్థమైంది. నాదిర్ మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మా తాత ఇంటిని రక్తం తీసుకోలేదు. మనుషులు తీసుకున్నారు, తుపాకులు పట్టుకుని, చట్టాలు రాసుకుని. ఆ మనుషులతో నాకు లెక్క ఉంది. రక్తం అన్నావంటే, రేపు నా పిల్లల రక్తాన్ని ఎవడు ఏమన్నా నేను నోరెత్తలేను. ఇంకోసారి నా ముందు ఆ మాట అనకు."

యాసీన్ క్షమించండి అని గొణిగాడు కానీ అతని మొహంలో నాకు క్షమాపణ కనపడలేదు, ఈయన నిజంగా పాలస్తీనీయేనా అన్న అనుమానం కనపడింది. ఆ తర్వాత అతను మాతో నడవలేదు, కారు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

మధ్యాహ్నం నమాజుకు వాళ్లిద్దరూ మసీదులోకి వెళ్తే నేను కారులో ఉండిపోయాను. నేనూ, గూట్లో బోర్లా పడుకున్న ఆ ఫోనూ. అటూ ఇటూ చూసి, వేలితో తిప్పాను. ఇంకోసారి నొక్కాను. తెర వెలగలేదు. చార్జింగు ఎప్పుడో అయిపోయింది, విమానం దిగేసరికే అయిపోయిందో ఏమో. పొద్దుటి నుంచీ నేను సౌదీని పొగిడిందంతా చచ్చిపోయిన ఫోనుకు. నవ్వొచ్చింది. వెంటనే, ఆయన జేబులో ఇంకో ఫోను లేదని ఏంటి నమ్మకం అనిపించింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

భోజనానికి రోడ్డు పక్క యెమెనీ హోటలుకు వెళ్లాం. నేల మీద కూర్చుని తినడం, కోడితో వండిన కబ్సా అన్నం పెద్ద పళ్లెం ముప్పై ఐదు రియాల్, ఇద్దరికి ఎక్కువే. టమాటా, పచ్చిమిర్చి నూరిన చట్నీ ఉచితం, మనవాళ్లకు అదే ప్రాణం. వంటాయన నన్ను చూసి, హిందీనా, అంటే ఇండియా మనిషివా అని అడిగి ఇంకొంచెం మిర్చి వేసి తెచ్చాడు. యాసీన్ కారులోనే పడుకుంటానన్నాడు. ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టాక నాదిర్ సూటిగా విషయానికి వచ్చాడు.

"ఆ ఫొటో మీ బామ్మర్దికి ఎవరైనా పంపారా, వాడే రాశాడా?"

ఎవరో పంపితే చూడకుండా ముందుకు పంపాడు సార్, వాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం అన్నాను. ఈ మాట విమానంలోనే తయారుచేసి పెట్టుకున్నాను. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. బయట ఎవడికి తెలుసు షట్‌డౌన్ అంటే ఏంటో అన్నాడు. టైముకు ముందే పూర్తవడం అనే మాట మన ప్లాంటు బోర్డు మీద తప్ప ఇంకెక్కడుంది అన్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. వాడే రాశాడు సార్ అన్నాను.

తలాడించి చెప్పాడు. ఆ ఫొటో ఏ వీధిదో నాకు తెలియదు, నీకూ తెలియదు, వాడికీ తెలియదు. నా భార్య ముందు ఆ రాత వైపే చూడలేదు. నా ఫోనులో ఫొటోను పెద్దది చేసి, అంగుళం అంగుళం చూస్తూ కూర్చుంది. వాళ్ల అక్క ఇల్లు ఉన్న వీధేమోనని. వాళ్ల అక్క ఫోను ఎత్తి చాలా రోజులైంది. అంతే చెప్పాడు. నేను పళ్లెంలోంచి చెయ్యి తీసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా మనిషి బుద్ధి చూడండి. ఒక నిమిషం కాగానే, వాడి తరఫున ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మా నానమ్మ రజాకార్ల కథలు చెప్పేది సార్ అని మొదలుపెట్టాను. నిజాం రోజుల్లో వాళ్లు ఊళ్ల మీద పడేవారు, ఆడవాళ్లు జొన్న చేలల్లో దాక్కునేవారు. ఆ కథలు వింటూ పెరిగినవాళ్లం, అందుకే ఎక్కడ ముస్లిముల గొడవ అన్నా మావాళ్లకు మా ఊరే గుర్తొస్తుంది అన్నాను. నాదిర్ శ్రద్ధగా విన్నాడు. మీ నానమ్మ భయపడింది నిజం, దానికి నేను అడ్డు చెప్పను అన్నాడు. ఆ రోజుల్లో మీ బామ్మర్ది పుట్టాడా అన్నాడు. లేదు. వాళ్ల నాన్న? లేదు. మరి ఆ కోపం వాడికి ఎక్కడిది, దాన్ని తెచ్చి నా భార్య అక్క ఇంటి మీద ఎందుకు దించాడు అన్నాడు. తర్వాత తనే, మాకూ తాతల కోపమే ఉందిలే, కాదనను అన్నాడు.

నాకు మళ్లీ అనుమానం పొడుచుకొచ్చింది, ఈయన మంచి మాటలతో నన్ను బుట్టలో వేస్తున్నాడని. అందుకే గట్టిగానే అడిగాను. మరి మీవాళ్లు సరిహద్దు దాటిపోయి ఇళ్లల్లో ముసలివాళ్లను, పిల్లలను చంపలేదా, ఎత్తుకుపోలేదా అని.

"చంపారు. ఎత్తుకుపోయారు. అది హత్య. దానికి ముందు ఏం జరిగిందో తెలుసా అని నేను మొదలుపెట్టను. నువ్వు కూడా ఆ వీధి కూలకముందు ఏం జరిగిందో తెలుసా అని మొదలుపెట్టకు."

ఆయన అన్నగారి కొడుకు ఒకడు జర్మనీలో యూదులను చంపిన శిబిరాల ఫొటోలు, గాజా ఫొటోలు పక్కపక్కన పెట్టి రోజూ పంపిస్తాడట. ఆపమని చెప్పానన్నాడు. మన చావులు మనం చెప్పుకుందాం, వేరేవాళ్ల చావులను తూకం రాయిగా ఎందుకు తెచ్చుకోవాలి అన్నాడు. అందరూ ఎవరి ఊరి నాటకంలోకి వాళ్లు నన్ను లాక్కుపోయి వేషం వేస్తారు, యాసీన్ కశ్మీర్‌కు, నువ్వు మీ నానమ్మ దగ్గరికి, మా అన్న కొడుకు జర్మనీకి అన్నాడు. కొంచెం విసుగ్గానే అన్నాడు.

ఇక దాచి లాభం లేదనిపించి, ఆదివారం ఏం చెప్తారు సార్ అని అడిగేశాను. ఆయన వంటాయన్ను పిలిచి చాయ్ చెప్పాడు. తర్వాత కువైట్ సంగతి చెప్పాడు. నాదిర్ పుట్టింది అక్కడే. నాన్న బడిలో లెక్కల పంతులు. ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డప్పుడు పాలస్తీనా పెద్దనాయకులు ఆ దాడి చేసినవాడి పక్కన నిలబడ్డారు. లెక్కల పంతులు నోరు తెరిచింది లేదు. యుద్ధం అయిపోయాక పాలస్తీనీ అంటేనే ద్రోహి అయ్యాడు. ఎవరెవరు ఎట్లాంటివాళ్లో చెప్పమని ఎవరో వచ్చి పక్కింటాయన్ను అడిగారు. ఆయన ఈ పంతులు పేరు చెప్పాడు. వారంలో కారులో పట్టినంత సామానుతో జోర్డాన్ దారి పట్టారు.

మా మేనమామ కూడా అప్పుడే కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చాడు సార్ అన్నాను, ఎట్లాగైనా దగ్గరవుదామని. మీ మామ ఇంటికి పోయాడు, మేం ఇంకో దేశానికి పోయాం అన్నాడు. అంతటితో నా పోలిక ముగిసింది.

"మా నాన్న తప్పు చేయలేదు. మీవాడు చేశాడు. రెండూ ఒకటి కాదు, ఒకటని నువ్వు చెప్పుకోకు. కానీ ఒకడి మాట మీద ఇంకొకణ్ని దేశం దాటించే ఆ పక్కింటాయన కుర్చీలో నేను కూర్చోను. ఫిర్యాదు లేదని చెప్తాను. క్షమించానని మాత్రం చెప్పను. వాణ్ని నా దగ్గరికి పంపకు. వీసా కోసం చెప్పే సారీ నాకు వద్దు."

మరి నన్ను ఎందుకు తెచ్చారు అంటే, నా భార్య అడిగింది, అది రాసినవాడు ఎట్లాంటి మనిషి అని, వాణ్ని అడిగితే కాళ్లు పట్టుకుంటాడు, నువ్వయితే నిజం చెప్తావేమో అనుకున్నా అన్నాడు. ఆమెకు ఏం చెప్తారు అన్నాను. వాడి బావ మొదట అబద్ధం చెప్పాడని చెప్తాను అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తిరుగు విమానం ఎక్కేముందు ఇంకో మాట అన్నాడు. బ్లాగులో రాస్తావుగా, రాయి, పేరు మార్చు. కానీ నన్ను మంచివాడిగా రాయకు, వాళ్లలోనూ మంచివాడు ఒకడున్నాడని మీవాళ్లు పంచుకుంటారు, అది నాకు ఆ ఫొటో కంటే తక్కువేం కాదు అన్నాడు. మాట ఇచ్చాను. ఆయన మాట పెళుసు, టిప్పు ఇవ్వడు, దారిలో నా భుజం మీద ఒక్కసారి కూడా చెయ్యి వేయలేదు. రాశాను.

ఆదివారం అన్నట్టే చెప్పాడు. శేఖర్‌కు వార్నింగుతో సరిపోయింది. ఎగిరి గంతేస్తాడనుకున్నా. సాయంత్రం నా గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"గాయన ఊకె ఎందుకు ఇడిసిపెడ్తడు బావా? నా పర్మిట్ మీద సంతకం పెట్టేది ఆయననే. ట్యాంకుల గ్యాసు ఉన్నా లేదని రాసి నన్ను దింపితే ఎవలు జూస్తరు? నన్ను వేరే యూనిట్‌కు మార్పియ్యి. నాకేమన్నయితే అక్కకు నువ్వే జవాబు చెప్పాలె."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫొటో గురించి, ఆయన భార్య దాన్ని అంగుళం అంగుళం చూడ్డం గురించి అంతా చెప్పాను. తల దించుకుని విన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి, అబద్ధం ఎందుకు. కానీ లేచి పోయేటప్పుడు, మార్పియ్యి బావా అని మళ్లీ అన్నాడు. మార్చనన్నాను.

ఖైబర్ పోదామనుకునేవాళ్లకు నాదొక్కటే సలహా. మదీనా నుంచి డ్రైవరుతో మాట్లాడుకునేటప్పుడు గైడు తిప్పే సమయం, నమాజు సమయం, భోజనం అన్నీ కలిపి ఒకే ధర ఒప్పించుకోండి. లేకపోతే తిరుగు దారిలో వెయిటింగు అని వంద రియాల్ అదనంగా లాగుతారు. మా యాసీన్ లాగబోయాడు. చూడదగ్గ చోటు, తప్పకుండా చూడండి. కానీ ఆ రాళ్ల మధ్య నిలబడి మన ఊరి గొడవలు తలుచుకోకుండా ఉండటం కష్టం. నేనూ ఉండలేకపోయాను. ఒక మనిషి చెప్పేది చివరిదాకా విని, నమ్మడం ఇంకా కష్టం. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, నా కళ్లముందే నిలబెట్టుకున్నాడు. అయినా సరే.

సోమవారం పొద్దున శేఖర్ దిగాల్సిన ట్యాంకు దగ్గర నాదిర్ గ్యాసు కొలిచే మీటరు దించి చూసి, పర్మిట్ మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన సంతకం పెట్టాక ఇంకెవరూ చూడరు. చూస్తే ఆయన్ను తిట్టినట్టే, మా పనిలో అంతకు మించిన అవమానం లేదు. నేను పక్క యూనిట్ నుంచి అడిగి తెచ్చుకున్న మీటరు చొక్కాలోంచి తీసి, మ్యాన్‌హోల్‌లోకి దించాను. గ్యాసు సున్నా. తల ఎత్తితే నాదిర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపైందో తెలియదు. కిందికి దిగి వచ్చి, తన మీటరు మళ్లీ ట్యాంకులోకి దించి, అంకెలు నాకు కనపడేలా తిప్పి పట్టుకున్నాడు. చాలా? అన్నాడు. చాలు సార్ అన్నాను. శేఖర్ దిగాడు.